నాచు మూలగదు

ఆ రోజుల్లో పిల్లనిచ్చే ముందు పిల్లవాణ్ణి అడిగే ప్రశ్నలు కొన్ని ఉండేవి. జీతమెంత, ఉద్యోగం పర్మనెంటా, చుట్ట కాలుస్తాడా, ఆదివారం చర్చికి వెళ్తాడా, వెళ్తే అయ్యగారు వాక్యం చెబుతున్నంతసేపూ మెలకువగా ఉంటాడా. వీటన్నిటికీ నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉండేవి (చివరిదానికి తప్ప). కానీ నన్ను అడిగిన ప్రశ్న మటుకు మరే పెళ్ళికొడుకునీ ఎవరూ అడిగి ఉండరు. "మాష్టారూ, మీరు చేపని వదిలిపెట్టగలరా?" అన్నారు పిల్ల తండ్రి. పట్టగలరా అని కాదు, వదిలిపెట్టగలరా అని. నేను వెంటనే తల ఊపాను. ఊపడానికేం, గంగిరెద్దు కూడా ఊపుతుంది.

అప్పటికి కొత్త పైసలు వచ్చి నాలుగైదేళ్ళయింది. నేను గుడివాడలో ఒక చిన్న బళ్ళో మాష్టర్ని. మాది నందివాడ పక్కన పల్లె. చేపంటే నాకు తెలిసింది కాలవ చేప. చేలల్లో నీళ్ళు తీసేశాక మోకాలి లోతు బురదలో దిగి చేతులతో తడిమి కొర్రమీనుని పట్టుకోవడం, అది జారిపోతే పక్కవాణ్ణి తిట్టడం, అంతవరకే నా విద్య. సముద్రాన్ని అంతకుముందు ఒక్కసారి మంగినపూడిలో చూశాను. అది నా వైపు రావడం చూసి రెండడుగులు వెనక్కి వేశాను. అలాంటి నన్ను పట్టుకుని మా మేనమామ బందరులో ఒక పెద్దమనిషితో, "మావాడు గాలం వేస్తే చేపలు వరసలో నిలబడతాయండీ" అని చెప్పి వచ్చాడు. ఎందుకు మావయ్యా అంత అబద్ధం అంటే, "ఒరేయ్, ఆయనకి గాలం పిచ్చి. నీ జీతం చెప్తే మొహం అటు తిప్పుకున్నాడు. చేపలనేసరికి ఇటు తిప్పాడు. నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు.

అసలు ఆ సంబంధం కోసం మావయ్యని వేధించింది నేనే. క్రితం ఏడు బందరులో చర్చి సభలకి వెళ్ళినప్పుడు సండే స్కూల్లో ఆ అమ్మాయిని చూశాను. చిన్నపిల్లలకి బైబిలు కథ చెబుతోంది. ముందు వరసలో ఒక బుడతడు ముక్కు కారుతూ ఏడుస్తుంటే, కథ ఆపకుండానే, వాడి వైపు చూడకుండానే, పైట చెంగుతో వాడి ముక్కు తుడిచి, అదే ఊపులో కథలోని సింహాల గుహలోకి వెళ్ళిపోయింది. నేను కిటికీ బయట చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడి, ఈ అమ్మాయి కాకపోతే ఇక నాకు పెళ్ళే వద్దనుకున్నాను. ఇరవై మూడేళ్ళ వయసులో మనిషి ఇలాంటివి చాలా సులభంగా అనుకుంటాడు. నేను అనుకుని ఊరుకోకుండా నమ్మాను కూడా.

ఆ అమ్మాయి తండ్రి ఉప్పు కొఠార్లో పనిచేసి రిటైరైన మనిషి. బందరంతా ఆయన్ని కొలబద్ద గారు అనేది. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక ఇత్తడి కొలబద్ద ఉండేది. కుర్రతనంలో తన పై అధికారి అయిన ఒక దొర దగ్గర గాలం వెయ్యడం నేర్చుకున్నారట. దొర వెళ్ళిపోతూ ఇచ్చిన కొలబద్ద అది. కూతురికి రెండేళ్ళప్పుడు భార్య పోతే, మళ్ళీ పెళ్ళి మాట ఎత్తనివ్వకుండా ఆ పిల్లని తానే పెంచారు. మాట బహు తక్కువ. పెదవులు బిగించి, బుగ్గలు కొంచెం పూరించి, నోట్లో ఏదో దాచుకున్న మనిషిలా కూర్చునేవారు. ఆయన ఎదురుగా కూర్చుంటే నాకు చెయ్యని తప్పులు కూడా గుర్తుకొచ్చేవి.

మాట ఇచ్చే ముందు నన్ను గాలం వేటకి తీసుకెళ్ళి చూస్తానన్నారు. దాని నియమాలన్నీ ముందురోజు సాయంత్రం వాళ్ళింటి వరండాలోనే అప్పగించారు. చేపని పొడి చేత్తో ముట్టుకోకూడదు, ఒంటిమీది జిగురు పోతే అది బతకదు, చెయ్యి తడుపుకునే పట్టాలి. కొలబద్ద కంటే పొట్టిదైతే వదిలెయ్యాలి. గుడ్లతో ఉన్న తల్లి ఎంత పెద్దదైనా వదిలెయ్యాలి. తెగిన దారం ముక్క నీళ్ళలో పారెయ్యకూడదు, జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకోవాలి (నైలాను దారాలు అప్పుడప్పుడే వస్తున్నాయి, "ఇది కుళ్ళదు మాష్టారూ, మనం పోయాక కూడా ఉంటుంది" అన్నారు, అదేదో నా తప్పయినట్టు). అన్నిటికంటే గట్టిది చివర చెప్పారు. "చేప తనంతట తాను నోరు తెరిచి ఎరని అందుకుంటేనే అది మనది. దాని దారిన అది పోతుంటే గాలం పక్కలోనో తోకలోనో గుచ్చుకుందనుకోండి, అది వేట కాదు, దొంగతనం. వదిలెయ్యాలి." ఇన్ని వదిలేస్తే తినేదెప్పుడండీ అన్న మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. లోపలి గదిలో గాజుల చప్పుడు వినపడి మింగేశాను.

మర్నాడు తెల్లవారుతూనే జట్కాలో బయలుదేరి, పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గరికి చేరాం. తెల్లవారిందని ఆయన అన్నారు గానీ ఎక్కడ తెల్లవారిందో నాకు కనపడలేదు. అంత మంచు నేను పుట్టి ఎరగను. జట్కా గుర్రం చెవులు కనపడుతున్నాయి, గుర్రం కనపడటం లేదు. ఒడ్డున ఒక ముసలాయన పడవతో నిలబడి ఉన్నాడు. అందరూ ఆయన్ని తాత అనేవాళ్ళు, నేనూ తాతా అన్నాను. పడవ ముందు కొసన కొలబద్ద గారు, మధ్యలో నేను, వెనక తెడ్డుతో తాత. నాలుగు బారలు వెళ్ళామో లేదో ఒడ్డు మాయమైంది. ఇంకో నాలుగు బారలకి కొలబద్ద గారి మొహం మాయమై, టోపీ ఒక్కటే గాల్లో తేలుతూ మిగిలింది. అల చప్పుడు లేదు, పక్షి కూత లేదు. తెడ్డు నీళ్ళలో పడినప్పుడు 'డుబుక్' మని ఒక చప్పుడు, మళ్ళీ అది మన వెనక ఎవరో ఇంకో పడవలో వేసినట్టు ఇంకో 'డుబుక్'. నేను రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. మూడోసారి చూడటానికి ధైర్యం చాలలేదు.

మొగ మధ్యకి వచ్చి తాత తెడ్డు ఎత్తాడు. గాలాలకి రొయ్య గుచ్చి నీళ్ళలో వేశాం. అప్పుడు మొదలైంది. ముందు నా అరికాళ్ళకి తెలిసింది, తర్వాత చెవులకి. పడవ అడుగు చెక్కల్లోంచి సన్నగా ఒక మూలుగు. ఒక చోట ఆగితే ఇంకో చోట అందుకుంటోంది. నేను మెల్లగా రెండు కాళ్ళూ ఎత్తి బల్లమీద పెట్టుకున్నాను.

"ఇనపడతందా బాబూ?" అన్నాడు తాత వెనకనుంచి, ఎంతో మామూలుగా.

"ఏంటది తాతా?"

"పట్టించుకోమాక. మా తాతల నాటి ఉప్పెనలో పోయినోళ్ళు. బందరు బందరంతా ఒక్క రాత్రిలో కొట్టుకొచ్చేసింది గదా. ఆళ్ళు ఈ మొగలోనే ఉండిపోయారు. మంచు పడితే లేస్తారు. ఆళ్ళలో ఆళ్ళు మాట్టాడుకుంటారు, మనకేం కాదు. పేరెట్టి పిలిస్తే మట్టుకు పలక్కు. పలికావా, పడవెక్కేస్తారు."

"తాతా, ఆయన్ని భయపెట్టకు," అంది గాల్లో తేలుతున్న టోపీ. "గొరకలు మాష్టారూ. చేపలే. గుంపుగా చేరినప్పుడు కడుపులోంచి అలా చప్పుడు చేస్తాయి. ఏ చేప ఎటు ఉందో చూసుకోవడానికి వేటగాళ్ళు తెడ్డు నీళ్ళలో ముంచి వింటారు. మీకు తెలియనిదేముంది." ఆ చివరి మాటతో నాకు మా మేనమామ గుర్తొచ్చాడు. కొలబద్ద గారు తాత చేతిలోంచి తెడ్డు తీసుకుని, దాని వెడల్పు కొసని నీళ్ళలో ముంచి, పిడి నా చెవికి ఆనించారు.

ఇన్నేళ్ళయినా ఆ చప్పుడు నా చెవిలోంచి పోలేదు. చర్చిలో అయ్యగారు రాకముందు జనం గొంతు తగ్గించి మాట్లాడుకుంటుంటారే, అలా ఉంది. ముసలి గొంతులు, గరుకు గొంతులు, మధ్యలో ఎవరో దగ్గు ఆపుకున్నట్టు. వాళ్ళందరూ ఒక మాట అనబోయి, నేను వింటున్నానని తెలిసి ఆగిపోతున్నట్టు అనిపించింది. చేపలే అని తెలిశాక భయం తగ్గాలి. నాకు తగ్గలేదు. పైగా మనుషులైతే మన భాషలోనైనా తిడతారు గదా అనిపించింది.

రెండు గంటలు గడిచాయి. ఆయనకి రెండు మాగ చేపలు పడ్డాయి. రెంటినీ తడి చేత్తో పట్టి, కొలబద్ద మీద పరిచి, వేలెడు తక్కువని తేల్చి, "వెళ్ళిరా" అని నీళ్ళలోకి జార్చారు. చుట్టాల్ని బస్సెక్కించినట్టు అంత మర్యాదగా. నాకు మాత్రం ఒక్కటీ పడలేదు. వరసలో నిలబడవలసిన చేపలు ఎక్కడికి పోయాయని ఆయన అడగలేదు. అడిగినా బాగుండేది. పెళ్ళి మంచులో కలిసిపోతున్నట్టు నాకు స్పష్టంగా కనపడుతోంది.

అప్పుడు నా దారం బిగిసింది. లాగాను. చప్పుడు లేకుండా, పెద్దగా పెనుగులాట లేకుండా, బూడిద రంగులో ఒక సముద్రపు జెల్ల పైకి వచ్చింది. మోచేతి పొడవుంది. మీసాలు, నున్నటి బట్టతల, బిగించిన నోరు. గాలం నోట్లో లేదు. పక్కలో, రెక్క వెనకాల గుచ్చుకుని ఉంది.

నేను టోపీ వైపు చూశాను. టోపీ అటు తిరిగి ఉంది. తాత వైపు చూశాను. తాత ఉన్నచోట తెల్లగా ఉంది. ఇక్కడ నేను చేసిన పని చెప్పడానికి ఈ వయసులో కూడా సిగ్గుగానే ఉంది. పొడి చేత్తోనే దాన్ని పట్టి, గాలం ఊడదీసి, గుడ్డసంచిలో పెట్టి, సంచిని తొడ కింద దాచాను. పావుగంట ఆగి, నోట్లో గాలం గుచ్చి, "తగిలిందండోయ్" అని కేక వేద్దామని నా పథకం. (పథకాలు వెయ్యడంలో నేను మా మేనమామకి తగ్గ మేనల్లుణ్ణే.)

"ఏమైనా తగిలిందా మాష్టారూ?"

"నాచండీ."

"నాచా?"

"నాచేనండీ. కొంచెం... బలమైన నాచు."

ఒక నిమిషం గడిచింది. అప్పుడు నా కిందనుంచి, పడవ అడుగునుంచి కాదు, సరిగ్గా నా కిందనుంచి, 'గ్ర్ర్ర్' మని ఒక మూలుగు లేచింది. గొరకలే కాదు, నీళ్ళలోంచి తీస్తే జెల్ల కూడా మూలుగుతుందని నాకేం తెలుసు? వెనక తాత తెడ్డు దభీమని పడవలో పడింది. "ఎక్కింది," అన్నాడు వణుకుతూ. "అయ్యగారూ, పడవెక్కింది. ఎవుడు పలికాడు? నువ్వేనా బాబూ పలికింది?" నేను కాదందామని నోరు తెరిచాను. అదే క్షణాన జెల్ల ముల్లు సంచీ, పంచా దాటుకుని నా తొడలో దిగింది. కృష్ణా జిల్లాలో పుట్టినవాడికి జెల్ల ముల్లు సంగతి వేరే చెప్పక్కర్లేదు. నిప్పు అంటించినట్టు ఒక మంట తొడ నుంచి నడుముకి, నడుము నుంచి నడినెత్తికి పాకింది. కేక వేస్తే దొరికిపోతాను. పళ్ళు బిగించాను. ఆ పళ్ళ సందుల్లోంచి నాకు తెలియకుండానే ఒక మూలుగు బయటికి వచ్చింది. అచ్చం జెల్ల మూలిగినట్టే ఉంది.

"ఇద్దరెక్కారు!" అన్నాడు తాత, ఏడుపు గొంతుతో. తెడ్డు వేసేవాడు లేక పడవ తనంతట తాను మెల్లగా గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. కింద నీళ్ళలో మూలుగు, పడవలో మూలుగు, వెనక తాత ప్రార్థన. మంచులోంచి ఉన్నట్టుండి కొలబద్ద గారి మొహం జానెడు దూరంలో ప్రత్యక్షమైంది. కళ్ళు మాత్రం నా తొడ మీద ఉన్నాయి.

"లేవండి," అన్నారు.

లేచాను. ఆయన సంచి తీసి, చేతులు నీళ్ళలో ముంచి, జెల్లని మెల్లగా చెక్కల మీద పడుకోబెట్టారు. అది ఇంకోసారి మూలిగింది. ఇంతసేపూ బిగించి ఉన్న నోరు తెరిచింది. నోట్లోంచి గోళీకాయలంత గుండ్లు, పసుపురంగువి, ఒకటి, రెండు, ఏడెనిమిది, చెక్కల మీదికి దొర్లాయి. వంగి చూశాను. ఒక్కొక్క గుండుకీ రెండేసి నల్లటి కళ్ళున్నాయి. గుండు కింద దారప్పోగంత తోక. ఆ కళ్ళన్నీ నావైపే చూస్తున్నాయి. ఒక తోక కదిలింది. తాత ప్రార్థన ఆపేశాడు. కింద గొరకలు కూడా అదే సమయానికి ఆగాయి. ఎందుకు ఆగాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ నిశ్శబ్దం కంటే ఆ మూలుగే నయమనిపించింది.

"ఇది తల్లి కాదు," అన్నారాయన. "తండ్రి. ఈ జెల్లల్లో తల్లి గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. ఇది వాటిని నోట్లో పెట్టుకుని తిరుగుతుంది. నెలకి పైగా. పిల్లలు ఈదేదాకా నోరు తెరవదు, మెతుకు ముట్టదు. ఇలాంటిది రొయ్యకి ఆశపడి వస్తుందా? నువ్వు దీన్ని పట్టలేదబ్బాయ్. గుచ్చావు."

అప్పటిదాకా 'మాష్టారూ, మీరు' అన్న మనిషి 'నువ్వు' అన్నాడు. అయిపోయింది నా పెళ్ళి అనుకున్నాను. కాలు మంట కంటే ఎక్కువగా కళ్ళు మండాయి.

"చెయ్యి తడుపు," అన్నారు. తడిపాను. గుండ్లు ఒక్కొక్కటే ఏరి, నా దోసిట్లో ఉప్పునీళ్ళు పోసి, పట్టుకోమని అందులో వేశారు. ఆయన జెల్లని పడవ పక్కన నీళ్ళలో పట్టుకుని, ఊపిరి అందేదాకా మెల్లగా ముందుకీ వెనక్కీ ఆడించారు. నా దోసిట్లో అవి వెచ్చగా లేవు, చల్లగా లేవు. అప్పుడప్పుడూ కదిలి నా అరచేతిని తాకుతున్నాయి. సంచిలో దాచినప్పుడు తెలియని బరువు అప్పుడు తెలిసింది. ఒక్కటి జారితే అది నేను చంపినదే. జెల్ల కొంచెం తేరుకున్నాక, ఆయన నా దోసిట్లోంచి ఒక్కొక్క గుండే తీసి దాని నోటి దగ్గర పెట్టారు. కొన్ని లోపలికి వెళ్ళాయి. తర్వాత చెయ్యి వదిలారు. అది దాచుకుందో, మళ్ళీ ఉమ్మేసిందో, అసలు బతికిందో, ఆ మంచులో మాకు తెలియలేదు. ఆయన చాలాసేపు ఆ నీళ్ళవైపే చూస్తూ కూర్చున్నారు. వెళ్ళిరా అనలేదు.

ఒడ్డు కనపడే వేళకి నేను ఉండబట్టలేకపోయాను. "నాచు కాదండీ," అన్నాను. "అబద్ధం చెప్పాను. మా మావయ్య చెప్పిందీ అబద్ధమే. నేను సముద్రంలో గాలం వెయ్యడం ఇదే మొదలు."

"తెలుసు," అన్నారు. "నాచు మూలగదు."

ఇంటికి చేరాక నా కుంటు నడక చూసి, లోపలినుంచి వేడి ఉప్పునీళ్ళూ కాపడానికి గుడ్డా వచ్చాయి. ఆ అమ్మాయే తెచ్చింది. దెబ్బ ఎక్కడ అని అడిగింది. నేను ఎక్కడో చెప్పలేక గోడవైపు తిరిగాను. ఆమె గిన్నె కింద పెట్టి, నవ్వు లోపలి గదిలోకి వెళ్ళేదాకా ఆపుకుంది. గుడివాడ చేరి మావయ్యతో సంబంధం పోయిందని, ఆయన నన్ను నువ్వు అనేశారని చెప్పాను. మావయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "వెర్రివెధవా! 'మీరు' అన్నంతకాలం నువ్వు పరాయివాడివి. 'నువ్వు' అన్నాడంటే అల్లుడివైనట్టే," అన్నాడు. ఆ ఒక్కటే ఆయన జీవితంలో చెప్పిన నిజం. తండ్రి ఆ రోజు ఇంట్లో ఏమన్నారో మా ఆవిడ పెళ్ళయ్యాక చెప్పింది. "గాలం వెయ్యడం రాదు. అబద్ధమాడటం అంతకన్నా రాదు. ఫర్వాలేదు," అన్నారట.

పెళ్ళి బందరు చర్చిలో. పెళ్ళికూతుర్ని చెయ్యి పట్టి నడిపించుకుని వచ్చి ఆయన నా ముందు నిలబడ్డారు. పెదవులు బిగించి, బుగ్గలు పూరించి, ఎప్పటిలాగే. ముందురోజు నుంచీ ఏమీ తినలేదట, కడుపులో బాగాలేదని చెప్పారట. అయ్యగారు ఈ పిల్లని ఇచ్చేదెవరు అని అడిగారు. ఆయన నోరు తెరవలేదు. అయ్యగారు రెండోసారి అడిగారు. చర్చిలో జనం గొంతులు తగ్గించి గుసగుసలాడారు. ఆ గుసగుస మళ్ళీ తెడ్డు చెవికి ఆనించినట్టే ఉంది. అప్పుడు ఆయన నావైపు వంగి, ఎవరికీ వినపడకుండా, "చెయ్యి తడిగా ఉందా?" అన్నారు.

భయంతో నా అరచేతులు చెమటలు కారుతున్నాయి. "తడిగానే ఉందండీ," అన్నాను. అప్పుడు నోరు తెరిచి, "నేనే," అని అయ్యగారికి చెప్పి, ఆ పిల్ల చెయ్యి నా చేతిలో పెట్టారు.

మొన్న మావగారి కొలబద్ద కోసం పెట్టె వెతుకుతుంటే మా ఆవిడ చూసి, ఈ వయసులో ఎవర్ని కొలుస్తారండీ అంది. మా పెద్దమ్మాయి పెళ్ళినాడు నేను కూడా అన్నం ముట్టలేదన్న సంగతి ఆమెకి గుర్తుంది, ఆ మాట ఎత్తలేదు. ఆ రోజు చర్చిలో మా అల్లుడి చెవి దగ్గరికి వంగి నేనూ చెయ్యి తడిగా ఉందా అనే అడిగాను. అతను కంగారుపడి, జేబురుమాలు తీసి, రెండు చేతులూ శుభ్రంగా తుడుచుకుని, "ఇప్పుడు లేదండీ మావయ్యగారూ," అన్నాడు.